మా ఆయనను మార్చుకున్న రెండు టీములు

మా ఆయన ఎందుకూ పనికిరాడని నాకు మొదట చెప్పింది ఒక లారీ డ్రైవరు. అప్పుడు నేను ఆ డ్రైవరు చేతికి బీపీ పట్టీ చుడుతున్నాను.

"చెల్లె, ఏమనుకోకు. మీ ఆయన మంచోడే, కాదంటలేను. గని గోల్ కొట్టేటోన్ని ఇచ్చి, గోల్‌ల నిలవడేటోన్ని తెచ్చుకుంటరా ఎవలన్న? సీబ్ మునిగింది పో."

పట్టీ కొంచెం గట్టిగానే బిగించాను. అంకె ఎక్కువే వచ్చింది. ఆయన ఆవేశానికి ఎలాగూ ఎక్కువే వచ్చేదిలెండి.

డెబ్బైల నడుమ సంగతి. అరబ్బు దేశంలో, సీబ్ అనే ఊళ్లో, ఒక చిన్న ఆస్పత్రిలో నేను నర్సును. మాది నరసాపురం వైపు. ఆ డ్రైవరన్నది నిజామాబాదు దగ్గర పల్లె. సువైక్ దగ్గర వాగు దాటుతుంటే లారీ పక్కకు ఒరిగి కాలు విరిగింది. పిండికట్టు వేసిన కాలు పైకి కట్టించుకుని, మగవాళ్ల వార్డులో కిటికీ పక్క మంచం మీద రాజులా పడుకుని ఉండేవాడు. కాలు కదలకపోయేసరికి ఆ బలమంతా నోటికి వచ్చేసింది.

ఆయన పనిచేసే బిల్డింగుల కంపెనీలోనే మా ఆయన కూడా మేస్త్రీ. కంపెనీకి రెండు పెద్ద క్యాంపులు ఉండేవి. ఒకటి మా సీబ్‌లో, రెండోది బురైమిలో. సీబ్ క్యాంపుకు ఒక సర్దార్జీ బాస్. బురైమి క్యాంపుకు లాహోర్ పెద్దమనిషి ఒకాయన. ఇద్దరికీ హాకీ పిచ్చి. ఎవరి క్యాంపు టీము వాళ్లది. కంపెనీ పని కోసం పెట్టిన వైర్‌లెస్ సెట్టులో సిమెంటు గురించి రెండు ముక్కలు మాట్లాడుకుని, తర్వాత అరగంట హాకీ గురించి తిట్టుకునేవాళ్లట. ఆ కంపెనీలో ఎవరి డ్యూటీ ఎక్కడ పడుతుందో హాకీ కర్రే తేలుస్తుందని కూలీలు బాహాటంగానే అనుకునేవాళ్లు.

మా ఆయన బురైమి టీముకు గోలీ, అంటే గోలు దగ్గర నిలబడి బంతి ఆపే మనిషి. చిన్నప్పుడు మిషన్ హాస్టల్లో నేర్చుకున్న ఆట అది. బురైమి అంటే సొహార్ దాటి, కొండల్లోంచి ఎక్కి, దేశం అంచున ఉంటుంది. అక్కడి నుంచి ఏ సిమెంటు లారీయో దొరికితే గురువారం బయల్దేరి నన్ను చూడ్డానికి వచ్చేవారు. శుక్రవారం సాయంత్రానికల్లా మళ్లీ లారీ ఎక్కాలి. నేనుండేది నర్సుల హాస్టలు. మగవాళ్లకు వరండా వరకే ప్రవేశం. తాళి కట్టిన మొగుడితో వరండాలో చెరో కుర్చీలో కూర్చుని, లోపల్నుంచి మేట్రన్ దగ్గుతుంటే బియ్యం ధర గురించి మాట్లాడడం ఎలా ఉంటుందో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. నాకు ఒళ్లు మండిపోయేది.

ఆ ముందు సెలవుకు ఇద్దరం కలిసి ఊరెళ్లి వచ్చాం. తిరిగొచ్చాక తెలిసింది, నెల తప్పానని. మేట్రన్ మంచిదే కానీ రూలు తప్పే మనిషి కాదు. ఆస్పత్రి వెనక రెండు గదుల ఫ్యామిలీ క్వార్టర్ ఒకటి ఖాళీగా ఉంది. భర్త డ్యూటీ కూడా ఇక్కడే ఉంటే అది ఇస్తానంది. లేకపోతే నెలలు నిండకముందే ఇంటికి వెళ్లిపోవాలి. హాస్టల్లో పురుడు కుదరదు. వెళ్తే, పుట్టిన బిడ్డకు నడక వచ్చేదాకా తండ్రి మొహం తెలియదు. ఆయన మళ్లీ సెలవు వచ్చేది అప్పుడే మరి.

"మీ బాస్‌కు చెప్పండి," అన్నాను వరండాలో.

"ఏమని చెప్పమంటావే? నా పెళ్లాం కడుపుతో ఉందని ఆ లాహోర్ సాబ్ ముందు నిలబడి చెప్పనా? సిగ్గుండొద్దూ?"

ఆ రోజుల్లో మగవాళ్లు అంతే. చెయ్యి విరిగిందంటే చెప్తారు, జ్వరమంటే చెప్తారు, ఇంటి ఆడవాళ్ల సంగతి మాత్రం బాస్ దగ్గర నోట రాదు. అది పరువు తక్కువ పని. నేనూ అలాంటి ఇంట్లోనే పెరిగాను కాబట్టి ఎదురు చెప్పలేక, లోపల ఉడికిపోయాను.

సరిగ్గా అప్పుడే సీబ్ టీము గోలీ వీసా క్యాన్సిల్ చేసుకుని ఇంటికి వెళ్లిపోయాడు. సర్దార్జీకి గోలీ కావాలి. లాహోర్ సాబ్‌కు గోల్ కొట్టే మనిషి కావాలి, పైగా క్యాంపులో మంచి ఎలక్ట్రీషియన్ లేడు. సీబ్‌లో ఒక సియాల్‌కోట్ ఎలక్ట్రీషియన్ ఉన్నాడు. రైట్ సైడు ఫార్వర్డు. బంతి అతని కర్రకు అంటుకుపోతుందని చెప్పుకునేవాళ్లు. వైర్‌లెస్‌లో బేరం కుదిరింది. వాణ్ని తీసుకో, వీణ్ని ఇయ్యి అని. అయితే సర్దార్జీ ఒక మెలిక పెట్టాడు. వచ్చే శుక్రవారం సీబ్‌లో రెండు టీములకూ మ్యాచ్ ఉంది. ఇద్దరూ కొత్త టీములకు ఆడాలి. నచ్చితే కాగితాలు మారుస్తారు, నచ్చకపోతే ఎవరి మనిషి వాళ్ల క్యాంపుకు పోతాడు. సంతలో ఎద్దును నాగలికి కట్టి చూసినట్టు.

నా కాపురం ఒక హాకీ బంతి మీదికి వచ్చింది. ఆ బంతి ఎంతుంటుందో కూడా నాకు అప్పటికి తెలియదు.

వార్డులో ఇక పొద్దున మందుల ట్రాలీ తోసుకొస్తే చాలు, అదే గోల. డ్రైవరన్నకు ఎదురు పార్టీ మా ల్యాబ్ టెక్నీషియన్. ఏలూరు కుర్రాడు, నన్ను అక్కా అనేవాడు. రక్తం తీయడానికి సూది పట్టుకుని వచ్చి, సూది అలా గాల్లోనే పెట్టి వాదించేవాడు.

"గోల్లో మనిషి లేకపోతే ఎన్ని కొడితే మాత్రం ఏం లాభమండీ? ఇటు మనం రెండు కొడతాం. అటు వాళ్లు నాలుగు కొట్టేసి టీ తాగి పోతారు. లాభం సీబ్‌కే."

"ఏం లాభం? ఆయనకు మోకాలు నొప్పి. వంగితె లేవడు, లేస్తె వంగడు. మా ఎలక్ట్రీషియన్ ఉరుకుతుంటే చూసినవా నువ్వు? బురైమోల్లకు లాటరీ తగిలినట్టె."

"మోకాలు కాదండీ, గోలీకి కళ్లు కావాలి."

"కండ్లు మా చెల్లెకు సుత ఉన్నయ్. ఆమెను నిలబెడుదమా?"

ఇలా నా ఎదురుగానే. ఇది వాళ్లకు కాలక్షేపం. డ్రైవరన్నకు నా మీద అభిమానం లేక కాదు. నా భోజనం ఆలస్యమైతే అడిగే మనిషి ఆయన. హాకీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం నేను ఒక టీము సరుకుకు సంబంధించిన మనిషినైపోయేదాన్ని. బజారుకు వెళ్తే బట్టల కొట్టు గుజరాతీ సేటు కూడా గుడ్డ కొలుస్తూ, మీ ఆయన మోకాలు ఎలా ఉంది సిస్టర్ అని హిందీలో అడిగాడు. బాగుంది, మీ నోరు ఎలా ఉంది అని అడగబోయి ఆగాను.

ఆఖరికి ల్యాబ్ కుర్రాణ్ని కూర్చోబెట్టి ఆట చెప్పమన్నాను. ట్రేలో మందు సీసాలు పేర్చి చూపించాడు. ఈ దగ్గుమందు సీసా బావగారు. ఈ దూది ఉండ బంతి. ఈ గీత లోపలికి వచ్చి కొడితేనే గోలు. నాకు అర్థమైనంతలో దగ్గుమందు సీసా చుట్టూ ఎప్పుడూ జనం ఎక్కువ ఉంటారు, దానికి సాయం చేసేవాళ్లు తక్కువ ఉంటారు.

గురువారం మా ఆయన లారీ దిగారు. భుజాన ట్రంకు పెట్టె, చంకలో ప్యాడ్లు. కాళ్లకు కట్టుకునే ఆ ప్యాడ్లు ఆయన సొంతంగా కుట్టుకున్నవి. కంపెనీ ఇచ్చిన పరుపు కోసి, దూది తీసి, టార్పాలిన్ గుడ్డలో కూరి దబ్బనంతో కుట్టారు. పరుపు ప్యాడ్లలోకి పోయింది కాబట్టి రెండేళ్లుగా చాప మీద పడుకుంటున్నారు. ఆ సంగతి నాకు ఆ రోజే తెలిసింది.

"ఆపగలరా?" అన్నాను.

"వస్తే ఆపుతాను. ఎక్కణ్నించి వస్తుందో నాకేం తెలుసు?"

ధైర్యం చెప్పడం కూడా రాదు మనిషికి. పైగా దిగులు వేరే. రేపు ఎదురు ఆడేవాళ్లలో సగం మంది ఆయన గ్యాంగులో మనుషులే. కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన కూలీలు. వాళ్లకు కర్ర పట్టడం ఈయనే నేర్పారు. పొద్దున సైట్‌లో అరిచిన గొంతుతోనే సాయంత్రం గ్రౌండులో అరిచేవారట. ఆ గొంతు సంగతి కూడా చెప్పాలి. ఒకసారి సైట్‌లో పైనుంచి సెంట్రింగు చెక్క ఊడి, ఒకతని భుజం పక్కనుంచి జారి కింద పడింది. అప్పట్నుంచి ఈయన గ్యాంగులో ఒక కట్టడి పెట్టారు. మేస్త్రీ ఆగమంటే ఆగాలి. ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉండాలి. ఎందుకని అడగడం తర్వాత.

మ్యాచ్‌కు ఫస్ట్ ఎయిడ్ డ్యూటీ నాకే పడింది. మేట్రన్ కావాలనే వేసిందని నా అనుమానం. ఆస్పత్రి వ్యాన్‌లో మందుల పెట్టెతో నేను ఎక్కితే, వెనకే కర్రల మీద గెంతుకుంటూ డ్రైవరన్న. డాక్టరు గారిని ఎలా ఒప్పించాడో ఏమో. ల్యాబ్ కుర్రాడు పట్టుకుని ఎక్కించాడు. దారి పొడుగునా ఇద్దరూ నన్ను మధ్యలో కూర్చోబెట్టుకుని లాభనష్టాలు తేల్చారు.

గ్రౌండు అంటే కంకర నేల. రాళ్లు ఏరేసి సున్నంతో గీతలు గీశారు. సీబ్ క్యాంపు అంతా ఒకవైపు, బురైమి నుంచి రెండు లారీల్లో వచ్చినవాళ్లు ఇంకోవైపు. నేను మా ఆయన గోలుకు కాస్త పక్కగా స్టూలు వేసుకుని కూర్చున్నాను. ప్యాడ్లు కట్టుకుని ఆయన నడుస్తుంటే నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

మొదలైన కాసేపటికే ఆ ఎలక్ట్రీషియన్ వచ్చాడు. అందరూ చెప్పింది నిజమే. నలుగురి మధ్యలోంచి బంతి కర్రకు అంటించుకుని వచ్చి, మా ఆయన కుడిపక్క నుంచి కొట్టేశాడు. మా ఆయన వంగేసరికి బంతి వెనక చెక్కకు తగిలి ఠంగుమంది.

"నేను చెప్పలే?" అని డ్రైవరన్న కేక. గెలుపుదో బాధదో ఆయనకే తెలియాలి.

తర్వాత సీబ్‌వాళ్లు ఒకటి కొట్టారు. సమానమైంది. ఆ మధ్యలో మా ఆయన ఎన్ని ఆపారో నేను లెక్కపెట్టలేదు, సగంసేపు కళ్లు మూసుకునే ఉన్నాను. ఆపినప్పుడల్లా ల్యాబ్ కుర్రాడు నా స్టూలు కుదిపేవాడు. డ్రైవరన్న, ఇది లెక్కల్లకు రాదు, అల్కటి బంతి అనేవాడు.

ఆట అయిపోవస్తోంది అనగా బురైమివాళ్లు గుంపుగా వచ్చిపడ్డారు. బంతి వచ్చి వాళ్ల ఫార్వర్డు ఒకతని ముందు పడింది. సైట్‌లో కడ్డీలు కట్టే మనిషి, మా ఆయన గ్యాంగువాడే. ఎదురుగా ఖాళీ. మా ఆయన అప్పటికే పక్కకు పడి ఉన్నారు, ఒక ప్యాడ్ తాడు తెగి వేలాడుతోంది. ఈలోగా గోలు కాయాల్సిన సీబ్ ఫుల్‌బ్యాకులు ఇద్దరూ కర్రలు ఎత్తుకుని ఆయన మీదికే దూసుకొస్తున్నారు. వాళ్లే తోసుకుని బంతిని లోపలికి నెట్టేసేలా ఉన్నారు. వాళ్లిద్దరూ పంజాబీలు. వాళ్లను ఆపాలని ఆయన అరిచారు. తొందరలో హిందీ ఎక్కడ గుర్తొస్తుంది?

"ఆగండ్రా! ఆగు!"

పంజాబీలకు ఒక్క ముక్క అర్థం కాలేదు. వాళ్లు వస్తూనే ఉన్నారు. ఆగింది ఆ కడ్డీలు కట్టే మనిషి. ఎత్తిన కర్ర ఎత్తినట్టే, వేసిన అడుగు వేసినట్టే ఆగిపోయాడు. తల ఒక్కటి ఎత్తి పైకి చూశాడు. బంతి మెల్లగా దొర్లుకుంటూ మా ఆయన దగ్గరికి వచ్చింది. ఆయన పడ్డచోట నుంచే కాలితో తన్నారు. బురైమివాళ్లంతా ముందుకే వచ్చేసి ఉన్నారేమో, అటువైపు ఎవరూ లేరు. సీబ్ కుర్రాళ్లు ఇద్దరు తీసుకుపోయి గోల్ కొట్టేశారు.

ఇక చూడాలి గొడవ. బురైమివాళ్లు ఫౌలంటారు, మోసమంటారు. అంపైరుగా నిలబడ్డ బొంబాయి మాస్టారు, గోలీ తన వాళ్లను పిలుచుకున్నాడు, మీవాడు ఎందుకు ఆగాడో మీవాణ్నే అడగండి అన్నాడు. అందరూ ఆ కడ్డీలతన్ని చుట్టుముట్టారు.

"ఎందుకాగినవ్‌రా?" అని అతని తోటివాడే గుంజి అడిగాడు.

"మేస్త్రి ఆగుమన్నడు గద."

"ఆయన ఇప్పుడు మన మేస్త్రి కాదురా!"

"గా యాది ఉంటదా? పైకెల్లి ఏమన్న పడుతుందేమో అనుకున్న."

ఆకాశంలో ఏముంది పడ్డానికి? ఒక్క క్షణం అందరూ పైకి చూశారు. తర్వాత నవ్వులు. సర్దార్జీ అయితే పొట్ట పట్టుకుని నేల మీద కూర్చుండిపోయాడు. హమ్మయ్య అనుకున్నాను. మ్యాచ్ గెలిచారు, కాగితాలు మారుస్తారు, నాకు ఆ రెండు గదులూ వచ్చేసినట్టే.

అంతలో లాహోర్ సాబ్ నవ్వడం ఆపేశాడు.

"ఇంత మాట చెల్లే మేస్త్రీనా నేను ఇచ్చేసింది? సర్దార్, నీ ఎలక్ట్రీషియన్ను నువ్వు తీసుకో. నా మనిషిని నాకు ఇచ్చెయ్."

"అవు సాబ్, మా మేస్త్రిని మాకియ్యిండ్రి," అని గ్యాంగువాళ్లు కూడా మొదలుపెట్టారు. వాళ్ల ప్రేమ వాళ్లది, నా ప్రాణం నాది. సర్దార్జీ గడ్డం నిమురుకున్నాడు. ఎలక్ట్రీషియన్ ప్రాక్టీసుకని వారం ముందే బురైమి వెళ్లాడు, అప్పట్నుంచి క్యాంపులో జనరేటర్ మొరాయిస్తోందట. ఆలోచిద్దాం అన్నాడు. మా ఆయన తెగిన తాడు చేత్తో పట్టుకుని నేల చూపులు చూస్తున్నారు. ఆ మనిషి నోరు విప్పడని నాకు తెలుసు. బాగా ఆడినందుకు మళ్లీ బురైమికి పోవాలి. ఇదెక్కడి న్యాయం?

నేను లేచాను. నాకొచ్చిన హిందీ అంతా నొప్పి ఎక్కడ, మందు మింగావా అనేదాకే. ఆ హిందీతోనే అందుకున్నాను.

"ఇద్దరు సాబ్‌లూ వినండి. నేను ఈయన భార్యను. నాకు ఆరో నెల. ఈయన ఇక్కడుంటే నాకు ఇల్లిస్తారు. లేకపోతే నన్ను పంపించేస్తారు. మీకు గోలీ కావాలి, మీకు ఎలక్ట్రీషియన్ కావాలి. నా బిడ్డకు తండ్రి కావాలి. ఇప్పుడు చెప్పండి, ఎవరిని ఎక్కడికి పంపుతారో."

 కోపంతోనే అన్నానని అప్పుడు అనుకున్నాను కానీ భయం కూడా ఉంది.  మా ఆయన మొహం ఎర్రగా కందిపోయింది. నేను పట్టించుకోలేదు.

లాహోర్ సాబ్ తలమీది టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. "బేటీ, ఇన్నాళ్లూ ఈ మాట ఎవరూ చెప్పలేదేం?" అన్నాడు. మా ఆయన వైపు తిరిగి, "గాడిదా, నువ్వైనా చెప్పొద్దూ?" అని తిట్టాడు. ఆ తిట్టు నాకు చల్లగా ఉంది. నేను తిట్టాల్సింది ఆయన తిట్టాడు.

"మ్యాచ్ వాళ్లు గెలిచారు. గెలిచినవాళ్ల మనిషి వాళ్లకే," అని తేల్చేశాడు. ఎలక్ట్రీషియన్‌ను అడిగితే అతనూ సంతోషంగానే తలూపాడు. అతని అన్న సరిహద్దు అవతల అల్ ఐన్‌లో కొట్టు నడుపుతున్నాడట, బురైమి నుంచి నడిచి పోవచ్చట. మధ్యమధ్య వచ్చి జనరేటర్ చూసిపెడతానన్నాడు. నేను స్టూలు మీద కూలబడ్డాను. ఏడుపు అప్పుడు వచ్చింది, ఆపుకోలేదు. ఫస్ట్ ఎయిడ్ పెట్టెలోని దూదితోనే కళ్లు తుడుచుకున్నాను. ఆ రోజు ఆ పెట్టెలోంచి వాడింది అదొక్కటే.

వ్యాన్‌లో తిరిగి వస్తుంటే డ్రైవరన్న పిండికట్టు కాలు చాపుకుని సర్దుకున్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "ఇన్ని దినాలు రెండు టీములే ఉన్నయనుకున్న చెల్లె. మూడో టీమున్నదని నువ్వన్న చెప్పకపోతివి."

మేట్రన్ మాట తప్పలేదు. ఇంటి తాళంచెవి ఇస్తూ, ఇక వరండాలో కుర్చీలు తీయించెయ్యొచ్చా అంది. ఆమె నవ్వడం నేను చూసింది అప్పుడే. మా ఆయన ట్రంకు పెట్టె గోడవారగా పెట్టి, పక్కన ప్యాడ్లు ఆనించారు. రెండు గదులూ రెండుసార్లు తిరిగి చూశారు. కుళాయి తిప్పి చూశారు, కట్టేశారు. నేను తలుపు వేసుకున్నాను. లోపల్నుంచి తలుపు గడియ పెట్టుకోవడం అంత హాయిగా ఉంటుందని నాకు అంతకుముందు తెలియదు.

పాప ఆ ఇంట్లోనే పుట్టింది. ఈలోగా ఎవరో సెలవుకు వెళ్లినవాళ్లు బొంబాయి నుంచి టీముకు అసలైన తోలు ప్యాడ్లు తెచ్చారు. పాతవి నేను విప్పేశాను. దూది ఎండలో పోసి, ఏకి, పాపకు పరుపు కుట్టాను.

ఒక శుక్రవారం మధ్యాహ్నం డ్రైవరన్న పాపను చూడ్డానికి వచ్చాడు. కాలు బాగైంది కానీ కర్ర వదల్లేదు. వెంట ల్యాబ్ కుర్రాడు. పాప పక్కన కూర్చుని పరుపు నొక్కి చూశాడు డ్రైవరన్న. అంచున మిగిలిన టార్పాలిన్ ముక్క పట్టి చూశాడు.

"ఇది గోలీ ప్యాడ్ కాదు?"

"అదే అన్నా."

"మంచిగున్నది. గని నేనొక్కటే మాట చెప్త. పోయిన వారం ఎలక్ట్రీషియన్ మూడు కొట్టిండంట అక్కడ. సీబ్‌కు లాసే."

"మూడు కొట్టినా ఓడిపోయారు కదండీ వాళ్లు! గోలీ లేక!" అని ల్యాబ్ కుర్రాడు అందుకున్నాడు.

ఇక ఇద్దరూ గొంతులు పెంచారు. కర్ర గాల్లోకి లేచింది. పాప ఉలిక్కిపడి ఏడుపు లంకించుకుంది. పక్కగదిలో నడుం వాల్చిన మా ఆయన అక్కడ్నుంచే అరిచారు.

"ఆగండ్రా!"

డ్రైవరన్న ఎత్తిన కర్ర ఎత్తినట్టే ఆగిపోయాడు. ల్యాబ్ కుర్రాడు నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయాడు. పాప కూడా ఆగి, ఆ గొంతు వచ్చిన వైపు తల తిప్పింది. అది మా నాన్న గొంతు అన్నట్టు. నేను పాపను ఎత్తుకుని, టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లాను.